కాంపాక్ట్ జూమా, ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆరా? షాపుకు పోకముందే ఇంట్లో తేల్చుకునే పద్ధతి

"అన్నా, ఒక కెమెరా కొనాలి. 40ఎక్స్ జూమ్ ఉన్న చిన్నది తీసుకోవాలా, లెన్సులు మార్చే పెద్దది తీసుకోవాలా?" కర్నూలు, అనంతపురం, కడప మిత్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్క మాటలో ఏదో ఒకటి చెప్పి పంపిస్తే రేపు ఇబ్బంది పడేది మీరే. అందుకే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అనే వరుసలో మొత్తం రాస్తున్నాను.

నేను రెండు రకాలూ వాడాను. ఇప్పటికీ రెండూ నా దగ్గర ఉన్నాయి. "ఏది మంచిది" అని మొదలుపెడితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. మీరు తీయబోయేది ఎంత దూరంలో ఉంటుంది, అక్కడ వెలుతురు ఎంత? ఈ రెండూ తేల్చుకోండి, కెమెరా ఏదో మీకే తెలిసిపోతుంది.

కాంపాక్ట్ జూమ్ అంటే లెన్సు బాడీకే కలిసి ఉండేది. ఇందులో జేబులో పట్టేవి ఉన్నాయి, కెనాన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740 లాంటివి. చూడ్డానికి డీఎస్ఎల్ఆర్‌లా ఉన్నా లెన్సు ఊడిరానివీ ఉన్నాయి, కెనాన్ ఎస్ఎక్స్70, నికాన్ కూల్‌పిక్స్ పీ950 లాంటివి. వీటిని బ్రిడ్జ్ కెమెరాలంటారు. డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే కెమెరా. అందులో ఎంట్రీ లెవెల్ అంటే కెనాన్ 1500డి, 200డి మార్క్ 2, నికాన్ డి3500 తరగతివి.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- గత ఏడాది ఫొటోలున్న మీ ఫోన్
- ఒక కాగితం, పెన్ను
- మొత్తం ఎంత ఖర్చు పెట్టగలరో ఒకే ఒక్క అంకె. "చూద్దాంలే" అనేది అంకె కాదు
- కళ్లజోడు వాడేవారైతే, షాపుకు వెళ్లేటప్పుడు అదే జోడు

## 1. ఫోన్ గ్యాలరీ తెరిచి నాలుగు కుప్పలు పోయండి

గత ఏడాది ఫొటోలన్నీ తిరగేయండి. తీసినవాటితో పాటు, తీద్దామనుకుని కుదరక వదిలేసినవి కూడా గుర్తు చేసుకోండి. ఈ వదిలేసినవే అసలు ముఖ్యం, కెమెరా కొనాలనిపించింది వాటి వల్లే కదా. ఇప్పుడు కాగితం మీద నాలుగు గడులు గీసి ఒక్కో ఫొటోకు ఒక్కో గీత పెట్టండి.

- మొదటి కుప్ప: దగ్గరగా, మంచి వెలుతురులో. ఇంటిముందు పిల్లలు, పొలం, ప్రయాణాలు.
- రెండో కుప్ప: దూరంగా, మంచి వెలుతురులో. పక్షులు, జింకలు, క్రికెట్ గ్రౌండ్, గోపురం పైభాగంలోని బొమ్మలు.
- మూడో కుప్ప: దగ్గరగా, తక్కువ వెలుతురులో. పెళ్లి మంటపం, ఇంట్లో పుట్టినరోజు, గుడి ముఖమంటపం.
- నాలుగో కుప్ప: దూరంగా, తక్కువ వెలుతురులో. స్కూల్ యానివర్సరీ స్టేజీ, రాత్రి తేరు, జాతర.

మొదటి కుప్పే పెద్దదైతే ఏ కెమెరా కొనకండి. ఇప్పుడొచ్చే మంచి ఫోన్ ఆ పని చేస్తోంది. ఆ డబ్బు అలాగే ఉంచుకోండి.

రెండో కుప్ప పెద్దదైతే కాంపాక్ట్ జూమ్ లేదా బ్రిడ్జ్ కెమెరా. మూడోది పెద్దదైతే డీఎస్ఎల్ఆర్, దానికి తోడు ఒక చిన్న ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది). నాలుగో కుప్ప అన్నిటికన్నా కష్టమైనది. దానికి డీఎస్ఎల్ఆర్ మీద పొడవు లెన్సు కావాలి, అది పెట్టినా ఫలితం ఓ మోస్తరుగానే ఉంటుంది.

రెండు కుప్పలు సమానంగా వస్తే, తప్పిపోతే మళ్లీ దొరకని ఫొటోలు ఎందులో ఉన్నాయో చూడండి. జింక రేపు మళ్లీ కనిపిస్తుంది. బిడ్డ అన్నప్రాశన మళ్లీ రాదు.

## 2. దూరాన్ని అడుగులతో కొలవండి

40ఎక్స్ అంటే చాలామంది అనుకునేది "40 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది" అని. ఆ లెన్సు అతి పొడవును అతి పొట్టితో భాగిస్తే వచ్చే అంకె అది, అంతే. లెన్సు పొడవును ఎంఎంలలో చెబుతారు, అది పెరిగేకొద్దీ దూరపు వస్తువు పెద్దగా పడుతుంది. ఎస్ఎక్స్740 లెన్సు 24 ఎంఎం నుంచి 960 ఎంఎం వరకు పోతుంది. 960ని 24తో భాగిస్తే 40.

డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే 18-55 కిట్ లెన్సును ఇలాగే లెక్కేస్తే మూడు ఎక్స్ మాత్రమే. "ఇంత డబ్బు పోస్తే మూడు ఎక్సేనా?" అని షాపులోనే వెనక్కి తిరిగినవాళ్లను చూశాను. ఎక్స్ అంకెను పక్కన పెట్టి, చివరి ఎంఎం ఎంతో అడగండి. కెనాన్ ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ లెన్సు మీద రాసిన అంకెను 1.6తో, నికాన్‌దైతే 1.5తో గుణించాలి. అప్పుడే కాంపాక్ట్ కెమెరా ప్రకటనలోని అంకెతో పోల్చడం కుదురుతుంది. కెనాన్ మీద 18-55 అంటే సుమారు 29-88. 55-250 అంటే 88-400.

ఇప్పుడు అసలు సూత్రం. ఇది కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

మీకూ వస్తువుకూ మధ్య దూరం (మీటర్లలో) × 36 ÷ ఫొటోలో పట్టాల్సిన వెడల్పు (మీటర్లలో) = కావలసిన ఎంఎం

పెద్దవాళ్ల అడుగు సుమారు ముప్పావు మీటరు. అంటే 27 అడుగులు వేస్తే 20 మీటర్లు.

స్కూల్ స్టేజీ నుంచి మీ కుర్చీ 20 మీటర్ల దూరంలో ఉంది, మీ పాప, పక్కనున్న ఇద్దరు పిల్లలు కలిపి రెండు మీటర్ల వెడల్పు పట్టాలి అనుకుందాం. 20 × 36 ÷ 2 అంటే 360 ఎంఎం. డీఎస్ఎల్ఆర్ మీద 55-250 లెన్సు దీనికి సరిపోతుంది. కిట్ లెన్సు సరిపోదు.

రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింక 100 మీటర్ల దూరాన నిలబడింది. జింక పొడవు మీటరు పైచిలుకు, చుట్టూ కాస్త ఖాళీతో రెండు మీటర్ల వెడల్పు పట్టాలంటే 1800 ఎంఎం కావాలి. ఇది పీ950 లాంటి బ్రిడ్జ్ కెమెరాకే సాధ్యం, దాని లెన్సు 2000 ఎంఎం వరకు పోతుంది. 55-250 ఉన్న డీఎస్ఎల్ఆర్‌తో తీస్తే ఫ్రేము వెడల్పు తొమ్మిది మీటర్లు, అందులో జింక ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. 24 మెగాపిక్సెల్ ఫొటో కాబట్టి కత్తిరించి ఫోన్‌లో చూసుకోవడానికి పనికొస్తుంది. గోడకు వేలాడదీసే సైజుకు రాదు.

మీరు తరచూ తీసే మూడు చోట్లకు ఈ లెక్క వేయండి. వచ్చిన మూడు అంకెల్లో పెద్దది 400 దాటకపోతే డీఎస్ఎల్ఆర్ దారి తెరిచే ఉంది. 600 దాటితే ఎంట్రీ లెవెల్ బడ్జెట్‌లో డీఎస్ఎల్ఆర్ అందుకోలేదు, కాంపాక్ట్ లేదా బ్రిడ్జ్ వైపు వెళ్లండి. మధ్యలో ఉంటే కింది వెలుతురు సంగతి తేల్చాలి.

## 3. వెలుతురు లెక్క

మా చెల్లెలి పెళ్లి కడపలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. తెల్లవారుజాము ముహూర్తం. నా దగ్గరున్నది కాంపాక్ట్ జూమ్ ఒక్కటే. రెండు వందలకు పైగా తీశాను. కెమెరా వెనక స్క్రీన్ మీద అన్నీ బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే తలంబ్రాలు పోసే చేతులు చెదిరిపోయి ఉన్నాయి, ముఖాల మీద రంగు పొడి చల్లినట్టు మచ్చలు. ఆ బాధ ఇంకా పోలేదు. ఈ భాగం ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

జరిగింది ఇది. కాంపాక్ట్ జూమ్ కెమెరాల్లో ఎక్కువ వాటిలో సెన్సర్, అంటే వెలుతురును ఫొటోగా మార్చే పలక, సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. కెనాన్ ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ సెన్సర్ 22.3 × 14.9 మిల్లీమీటర్లు. వైశాల్యంలో దాదాపు 12 రెట్లు. వాన పడేటప్పుడు వాకిట్లో గిన్నె పెట్టడం, గంగాళం పెట్టడం లాంటిది. మంచి ఎండలో గిన్నె కూడా నిండుతుంది కాబట్టి తేడా తెలియదు. హాల్లో తెలుస్తుంది.

దీనికి తోడు జూమ్ పెంచేకొద్దీ లెన్సు లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఎస్ఎక్స్740లో పొట్టి చివర ఎఫ్/3.3, పొడవు చివర ఎఫ్/6.9. ఎఫ్ పక్కన అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు.

ఇక్కడ డీఎస్ఎల్ఆర్ కొనేవాళ్లు కూడా ఒక మాట వినాలి. కిట్ లెన్సు 55 చివర ఎఫ్/5.6. అదొక్కటే పట్టుకుని పెళ్లికి వెళ్తే మీరూ నిరాశ పడతారు. ఫంక్షన్ హాల్లో నిజంగా పని చేసేది 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి ప్రైమ్ లెన్సు. ఎఫ్/5.6తో పోలిస్తే ఇది దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. కిట్ లెన్సుతో సెకనులో 20వ వంతు షట్టర్ వేగం (వెలుతురు లోపలికి వచ్చే సమయం) దగ్గర చేయి చెదిరిన చోట, దీనితో 200వ వంతు దొరుకుతుంది. కదిలే చేతులు నిలబడతాయి. లెన్సులన్నిటిలో చవకైన వాటిలో ఇదొకటి. కాబట్టి మూడో కుప్ప వాళ్లు "డీఎస్ఎల్ఆర్ + కిట్ లెన్సు + 50 ఎంఎం" అని ఒకే మాటగా లెక్కేసుకోండి.

రెండింటి మధ్య ఒక దారి ఉంది. ఒక అంగుళం తరగతి సెన్సర్ ఉన్న బ్రిడ్జ్ కెమెరాలు, సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 లాంటివి. ఆ సెన్సర్ 13.2 × 8.8 మిల్లీమీటర్లు, మామూలు కాంపాక్ట్‌కు నాలుగు రెట్లు. లెన్సు 24-600, పొడవు చివర కూడా ఎఫ్/4. పనితనం చాలా బాగుంటుంది, కానీ ధర ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ కన్నా బాగా ఎక్కువ, బరువు కిలో పైనే. బడ్జెట్ ఉన్నవాళ్లు చూడవచ్చు.

## 4. మన చోట్లకు ఏది నప్పుతుంది

2022లో జిల్లాలు విడిపోయాక వీటిలో కొన్ని నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాల్లోకి వెళ్లాయి. మనకు మాత్రం అవి ఇప్పటికీ పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే కర్నూలు, అనంతపురం చోట్లే.

రోళ్లపాడు. బట్టమేక పిట్ట వల్ల పేరొచ్చిన చోటు. అది కనిపించడం ఇప్పుడు చాలా అరుదు, కృష్ణజింకలే మనకు దొరికేవి. గడ్డిలో దాక్కోవడానికి చాటు ఉండదు, జింకలు దగ్గరికి రానివ్వవు. బ్రిడ్జ్ కెమెరా ఇక్కడ గెలుస్తుంది.

వీరాపురం. పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊళ్లోనే, ఇళ్ల పక్క చెట్ల మీదే గూళ్లు కడతాయి. దూరం 20 మీటర్లు అనుకుంటే, మీటరున్నర వెడల్పు గూటికి 480 ఎంఎం చాలు. కూర్చున్న కొంగకు కాంపాక్ట్ చక్కగా సరిపోతుంది. ఎగిరే కొంగ కావాలంటే డీఎస్ఎల్ఆర్. దాని అద్దంలోంచి చూసేటప్పుడు ఆలస్యం ఉండదు, ఫోకస్ వెంటనే పట్టుకుంటుంది. కాంపాక్ట్‌లో జూమ్ పూర్తిగా లాగి ఎగిరే పక్షిని ఫ్రేములోకి తెచ్చుకునేలోపు అది చెరువు దాటి పోతుంది. ఆ ఊరివాళ్లు ఆ పక్షులను కాపాడుకుంటూ వస్తున్నారు. గూళ్ల కింద గట్టిగా మాట్లాడకండి, ఫ్లాష్ వేయకండి.

గండికోట. పెన్నా లోయ అంచున నిలబడితే కావలసింది జూమ్ కాదు, వెడల్పు. ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. కెనాన్ కిట్ లెన్సు పొట్టి చివర 29 ఎంఎంతో సమానం, కాంపాక్ట్‌ది 24. అంటే కాంపాక్టే ఎక్కువ లోయను పట్టుకుంటుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకూ ఇదే వర్తిస్తుంది. సూర్యుడు దిగాక ఉండే ఆ అరగంట వెలుతురులో మాత్రం నీడల్లో వివరం పట్టేది డీఎస్ఎల్ఆరే.

లేపాక్షి, బెలూం గుహలు. రెండూ మసక వెలుతురు చోట్లు. లేపాక్షిలో పైకప్పు మీది వర్ణచిత్రాలకు ఫ్లాష్ వాడకూడదు, రంగులకు హాని. ఫొటోలకు అనుమతి ఉందో లేదో లోపలికి వెళ్లే ముందే అడగండి. బెలూంలో ఉక్కపోత ఎక్కువ. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి పోతే లెన్సు మీద ఆవిరి పట్టుకుంటుంది. కెమెరాను సంచిలోనే పావుగంట బయటి గాలికి ఉంచి తర్వాత తీయండి. రెండు చోట్లా డీఎస్ఎల్ఆర్ వైపే నా ఓటు.

## 5. ఎండ, దుమ్ము

ఇది రాయలసీమలో కొనేవాళ్లు తప్పకుండా చూడాల్సిన భాగం. బయటి వాళ్లు రాసిన సలహాల్లో నాకు ఎక్కడా కనిపించలేదు.

మధ్యాహ్నం ఎండలో కెమెరా వెనక స్క్రీన్ కనిపించదు. ఎస్ఎక్స్740 లాంటి జేబు కెమెరాలకు కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. మే నెలలో అనంతపురం శెనక్కాయ చేలల్లో నిలబడి దానితో తీయడమంటే గుడ్డిగా తీయడమే. కాంపాక్టే కొనాలనుకుంటే వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోండి. ఎస్ఎక్స్70, పీ950లకు ఉంది. డీఎస్ఎల్ఆర్లన్నిటికీ ఉంటుంది.

ఎండ ముదిరాక నేల మీద గాలి వేడికి అలలుగా కదులుతుంది, ఎండమావిలా. పొడవు జూమ్‌తో ఆ గాలిలోంచి తీస్తే జింక అంచులు నీళ్లలో ఉన్నట్టు వస్తాయి. లెన్సు చెడిపోయిందని కంగారుపడి ఇద్దరు ముగ్గురు నాకు ఫొటోలు పంపారు. లెన్సులు బాగున్నాయి. ఎండాకాలంలో పొడవు జూమ్ పని పొద్దున్నే, ఎండ ఎక్కకముందే ముగించండి. దీన్ని సరిచేసే కెమెరా ఏదీ లేదు. 2000 ఎంఎం కోసం డబ్బు పెట్టేవాళ్లు తెల్లవారకముందే లేవగలరో లేదో కూడా చూసుకోవాలి.

దుమ్ము రెండింటినీ వేరువేరు దారుల్లో దెబ్బ తీస్తుంది. కాంపాక్ట్ లెన్సు ఆన్ చేసినప్పుడల్లా ముందుకు వస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. ఆ కదలికతో సన్న దుమ్మును లోపలికి లాక్కుంటుంది. సెన్సర్ దాకా పోయిందంటే మనం తీయలేం, సర్వీస్ సెంటర్లో విప్పాల్సిందే. డీఎస్ఎల్ఆర్‌లో దుమ్ము లెన్సు మార్చేటప్పుడు పోతుంది, కానీ చేతి బ్లోయర్‌తో చాలావరకు మనమే ఊదేయవచ్చు.

- లెన్సు మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, బాడీ నోరు కిందికి ఉంచండి
- గండికోట అంచున, బైక్ మీద, తూర్పార పట్టే కళ్లం దగ్గర లెన్సు మార్చకండి. కారులోకి వెళ్లి, అద్దాలు ఎత్తి మార్చండి
- నోటితో ఊదకండి, తుంపర పడుతుంది
- కాంపాక్ట్‌కు చిన్న జిప్ పౌచ్ తప్పనిసరి. జేబులో, హ్యాండ్‌బ్యాగులో ఊరికే వేయకండి
- ఏ కెమెరానైనా ఎండలో నిలిపిన కారులో వదిలిపెట్టకండి

## 6. మొత్తం ఖర్చు ఒకే కాగితం మీద

మొదట రాసుకున్న అంకెను ఇప్పుడు బయటకు తీయండి. కాంపాక్ట్ అయితే లెక్క చిన్నది: కెమెరా, అదనపు బ్యాటరీ, మెమరీ కార్డు, పౌచ్. అదనపు బ్యాటరీ ఎందుకంటే, కంపెనీ లెక్క ప్రకారమే ఎస్ఎక్స్740 ఒక చార్జికి సుమారు 265 ఫొటోలు. అదే కెనాన్ 1500డి సుమారు 500, నికాన్ డి3500 అయితే 1550.

డీఎస్ఎల్ఆర్‌కు: బాడీ, కిట్ లెన్సు, మీ కుప్పను బట్టి 50 ఎంఎం లేదా 55-250, కార్డు, బ్లోయర్, సంచి. బాడీకే డబ్బంతా అయిపోయి "లెన్సు తర్వాత కొందాంలే" అనుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత కొననే లేదు. వాళ్ల కెమెరా బీరువాలో ఉంది. రెండో లెన్సుకు ఈ రోజే డబ్బు లేకపోతే, ఒక మెట్టు కిందున్న బాడీ తీసుకుని లెన్సు ఇప్పుడే కొనండి.

కొనే ముందు తెలుసుకోవాల్సిన చిక్కులు మూడు:

- నికాన్ డి3500, డి5600 బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని రాసి ఉన్న లెన్సులతోనే ఆటోఫోకస్ పనిచేస్తుంది. చవకగా వచ్చిందని పాత ఏఎఫ్-డి లెన్సు కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే.
- కెనాన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 లకు పైన ఫ్లాష్ పెట్టే చోట మధ్య పిన్ను లేదు. ఇతర కంపెనీల చవక ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు చాలావరకు వాటి మీద వెలగవు. ఫ్లాష్ కొనేటప్పుడు మీ బాడీ మీద పెట్టి వెలిగించి చూసే డబ్బు ఇవ్వండి.
- కెనాన్ 1500డి, నికాన్ డి3500లకు మైక్ పెట్టే రంధ్రం లేదు. వీడియోలు చేసేవాళ్లు గమనించండి.

2020 తర్వాత కెనాన్, నికాన్‌ల నుంచి కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ రాలేదు. ఆ కంపెనీలు మిర్రర్‌లెస్ (అద్దం లేకుండా లెన్సులు మార్చుకునే కెమెరాలు) వైపు వెళ్లిపోయాయి. డి3500 తయారీ కూడా ఆగిపోయింది. దీన్ని చూసి భయపడనక్కర్లేదు, ఇప్పటికే ఉన్న లెన్సులు ఏళ్ల తరబడి దొరుకుతాయి. కానీ మీ అంకెలో కెనాన్ ఆర్50 లాంటి మిర్రర్‌లెస్ కూడా పడుతుంటే, ముఖ్యంగా వీడియో కావాలంటే, దాన్ని కూడా చేత పట్టి చూడండి.

## 7. షాపులో ఇరవై నిమిషాలు

రద్దీ లేని పొద్దుట పూట వెళ్లండి. మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి. "నా కార్డు వేసి నాలుగు ఫొటోలు తీసి చూస్తానండీ" అని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. ఒప్పుకోకపోతే వేరే షాపు చూడండి.

1. కెమెరా మెడలో వేసుకుని ఐదు నిమిషాలు నిలబడండి. పీ950 కిలో ఉంటుంది, 1500డి బాడీ అరకిలోకు కొంచెం తక్కువ. దానికి లెన్సు బరువు కలుస్తుంది. రోజంతా మోయగలరా?
2. కళ్లజోడుతో వ్యూఫైండర్‌లో చూడండి. పక్కనే ఉండే చిన్న చక్రాన్ని తిప్పి అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేసుకోండి.
3. షాపులో అన్నిటికన్నా చీకటి మూల వెతకండి. అక్కడ నిలబడిన మనిషిని ఫ్లాష్ లేకుండా రెండు కెమెరాలతో తీయండి.
4. గుమ్మంలోంచి రోడ్డుకు ఆవలి బోర్డును పూర్తి జూమ్‌తో తీయండి. డిజిటల్ జూమ్ (లెన్సు కదలకుండా ఫొటోనే కత్తిరించి పెద్దది చేసేది) ఆఫ్ చేయించడం మర్చిపోకండి.
5. నడుస్తున్న మనిషిని వరుసగా ఐదు ఫొటోలు తీయండి.
6. కార్డు ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. నిర్ణయం ఆ తర్వాతే. కెమెరా వెనక స్క్రీన్ మీద ప్రతి ఫొటో బాగానే ఉంటుంది.

కొనే రోజు జీఎస్టీ బిల్లు, దాని మీద కెమెరా సీరియల్ నంబరు, భారతదేశ వారంటీ కార్డు మూడూ తీసుకోండి. "బిల్లు లేకుండా తగ్గిస్తాం సార్" అంటే వద్దనండి. అధీకృత సర్వీస్ సెంటర్ మీకు దగ్గరలో ఎక్కడుందో కంపెనీ సైట్‌లో ముందే చూసుకోండి. అనంతపురం వాళ్లకు బెంగళూరైనా, కర్నూలు వాళ్లకు హైదరాబాదైనా రెండు వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణం. బిల్లు లేక అక్కడి నుంచి ఉత్త చేతులతో తిరిగి రావడం చాలా కష్టంగా ఉంటుంది.

## 8. సెకండ్ హ్యాండ్ అయితే

కాంపాక్ట్ జూమ్ సెకండ్ హ్యాండ్‌లో కొనమని నేను చెప్పను. లోపలి దుమ్ము, అరిగిన లెన్సు మోటారు బయటికి కనిపించవు. డీఎస్ఎల్ఆర్ కొనవచ్చు, ఇవి చూసుకుని:

- షట్టర్ కౌంట్, అంటే ఆ కెమెరాతో ఇప్పటిదాకా ఎన్ని క్లిక్‌లు కొట్టారో ఆ లెక్క. నికాన్ ఫొటో ఫైలు వివరాల్లోనే ఇది ఉంటుంది. కెనాన్‌కు వేరే సాఫ్ట్‌వేర్ లేదా సర్వీస్ సెంటర్ కావాలి. నికాన్ డి3500 షట్టర్‌ను లక్ష క్లిక్‌లకు పరీక్షించి విడుదల చేసింది, దాన్ని బట్టి ధర మాట్లాడండి. పెళ్లిళ్లకు వాడిన కెమెరా అయితే కౌంట్ ఎక్కువే ఉంటుందని ముందే అనుకోండి.
- ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీయండి. నల్లచుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము. బ్లోయర్‌తో పోతే సరే. పోకపోతే శుభ్రం చేయించే ఖర్చు ధరలో తగ్గించమనండి.
- లెన్సులోంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. వదిలేయండి.
- బిల్లు మీద పేరు, అమ్మే మనిషి పేరు ఒకటేనా అడగండి.

## 9. మొదటి వారం చేయాల్సిన సెట్టింగులు

డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్లు డయల్‌ను ఆకుపచ్చ ఆటో నుంచి తీసేయండి. కెనాన్‌లో ఏవీ, నికాన్‌లో ఏ అనే చోట పెట్టండి. అక్కడ ఎఫ్ అంకె మీరు ఎంచుకుంటారు, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. ఆటో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె, పెరిగితే మచ్చలు పెరుగుతాయి) పైపరిమితి 3200. కదలని మనిషికి వన్ షాట్ ఫోకస్, పరిగెత్తే పిల్లలకు ఏఐ సర్వో, నికాన్‌లో దాని పేరు ఏఎఫ్-సి. ఫోకస్ చుక్కల్లో మధ్యదే ఎంచుకోండి. 50 ఎంఎం పెట్టినప్పుడు ఎఫ్/2.2 దగ్గర మొదలుపెట్టండి. ఎఫ్/1.8లో పెళ్లికూతురి కన్ను స్పష్టంగా వచ్చి ముక్కుపుడక మసకగా రావచ్చు.

కాంపాక్ట్ వాళ్లు మెనూలో డిజిటల్ జూమ్ ఆఫ్ చేయండి. ఐఎస్ఓ పైపరిమితి 800, చీకటి పడితే 1600. చేతి వణుకును ఆపే స్టెబిలైజర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, ట్రైపాడ్ మీద మాత్రం ఆఫ్. జూమ్ పూర్తిగా లాగినప్పుడు కెమెరాను గోడకో, కారు తలుపుకో, బియ్యం పోసి కుట్టిన చిన్న గుడ్డసంచికో ఆనించండి. ఆ బియ్యం సంచి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, కొన్న ఏ ట్రైపాడ్ కన్నా ఎక్కువ వాడింది అదే.

రెండు రకాల వాళ్లూ రోజుకు పది నిమిషాలు షట్టర్ బటన్ సగం నొక్కి ఆగడం సాధన చేయండి. సగం నొక్కగానే ఫోకస్, ఆకుపచ్చ గుర్తు, తర్వాత పూర్తిగా. ఇది వేలికి అలవాటయ్యేదాకా పెళ్లికి తీసుకెళ్లకండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

ఫొటోలన్నీ కొంచెం చెదురుతున్నాయి. షట్టర్ వేగం చూడండి. జూమ్ 400 అయితే వేగం సెకనులో 400వ వంతు కన్నా నెమ్మదిగా ఉండకూడదని మొదటి లెక్కగా పెట్టుకోండి. స్టెబిలైజర్ మీ చేతి వణుకును ఆపుతుంది, జింక పరుగును ఆపదు.

పక్షి బదులు కొమ్మ మీద ఫోకస్ పడుతోంది. ఫోకస్ చుక్కను ఒకటే, చిన్నదిగా పెట్టండి. కొంచెం జూమ్ తగ్గించి ఫోకస్ పట్టించి, మళ్లీ పెంచండి.

ముఖాలు నల్లగా, వెనక ఆకాశం తెల్లగా వస్తోంది. మన ఎండలో ఇది రోజూ జరిగేదే. ప్లస్, మైనస్ గుర్తున్న ఎక్స్‌పోజర్ బటన్ నొక్కి ప్లస్ ఒకటికి తిప్పండి. ఇంకా మంచిది, మనిషిని చెట్టు నీడలోకి తెచ్చుకోవడం.

హాల్లో ముఖాలు పసుపుగా ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి బల్బు గుర్తుకు మార్చి చూడండి. డీఎస్ఎల్ఆర్‌లో రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తీస్తే ఇంటికొచ్చాక కూడా రంగు సరిదిద్దుకోవచ్చు. ఎస్ఎక్స్740లో రా లేదు, ఎస్ఎక్స్70, పీ950లలో ఉంది.

డీఎస్ఎల్ఆర్ కొన్నాక జింకలు చిన్నగా వస్తున్నాయి. రెండో భాగంలోని లెక్క వేయకుండా కొన్నారన్నమాట. వెంటనే అమ్మేయకండి. 55-250 చేర్చి, నీళ్లగుంట దగ్గర కారు ఆపి, ఇంజిన్ ఆపి, దిగకుండా అరగంట ఎదురుచూడండి. 100 మీటర్ల జింక 40 మీటర్లకు వస్తే ఫొటోలో దాని సైజు రెండున్నర రెట్లు అవుతుంది.

కాంపాక్ట్ కొన్నాక ఇంట్లో పెళ్లి కుదిరింది. కొత్తది కొనడానికి పరిగెత్తకండి. తెలిసినవాళ్ల దగ్గర డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు రెండు రోజులకు అడిగి తీసుకోండి, ముందురోజు అదే హాల్లో, అదే లైట్ల కింద పది ఫొటోలు తీసి చూసుకోండి. పెద్ద పట్టణాల్లో కెమెరాలు అద్దెకు ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మీ కాంపాక్ట్‌ను మాత్రం ఊరేగింపుకు ఉంచండి. పొద్దున ఎండలో మేడ మీద నిలబడి, బారాత్ వీధి మలుపు తిరిగేటప్పుడు గుర్రం మీదున్న పెళ్లికొడుకు ముఖం పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు.